వాకీటాకీ నొక్కితే అలారం మోగుతోందా? రేడియో, మైక్రోవేవ్ ఇంటర్‌ఫియరెన్స్‌కి ఏం చెయ్యాలంటే

మీ ప్రశ్న నాకర్థమైనంతలో ఇదీ: గోడౌన్‌లో వైర్డ్ అలారం ఉంది, అందులో కొన్ని మామూలు పీఐఆర్ (ఒంటి వేడిని బట్టి మనిషి కదలికని పట్టే) డిటెక్టర్లు, కొన్ని పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉన్న డ్యూయల్ టెక్‌వి, తర్వాతెప్పుడో ఆఫీసు గదికి కలిపిన రెండు వైర్‌లెస్ సెన్సార్లు. రాత్రిపూట గార్డు వాకీటాకీలో మాట్లాడినప్పుడు లోపల ఎవరూ లేకపోయినా సైరన్ కొడుతోంది, ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు. వైర్‌లెస్ సెన్సార్లేమో తరచూ సిగ్నల్ లాస్ అని చూపిస్తున్నాయి. పెట్టినతను వచ్చి సెన్సిటివిటీ తగ్గించి పోయాడు, ఇంకొకరు డిటెక్టర్లకి అల్యూమినియం ఫాయిల్ చుట్టమన్నారు, ఇందులో ఏది కరెక్టు అని అడిగారు.

రెండూ వద్దండి. ముందు ఆ రేడియో సిగ్నల్ ఏ దారిలో లోపలికొస్తోందో తేల్చుకోండి, ఆ తర్వాతే ఏదైనా కొనండి. దారులు మూడే. డిటెక్టర్‌కీ ప్యానెల్‌కీ (వైర్లన్నీ వచ్చి చేరే అలారం మెయిన్ పెట్టె) మధ్యనున్న వైర్లు, డిటెక్టర్ లోపలి సర్క్యూట్, వైర్‌లెస్ రిసీవర్. వైర్ల మీదుగా వస్తుంటే ఫెర్రైట్లు (వైరు మీద వచ్చే రేడియో సిగ్నల్‌ని అడ్డుకునే రింగులు) పెట్టి వైరింగ్ సర్దుకోవాలి, నేరుగా డిటెక్టర్‌లోకే వస్తుంటే ఆ డిటెక్టర్ మార్చెయ్యాలి, వైర్‌లెస్ అయితే దాని చోటో ఫ్రీక్వెన్సీయో మార్చాలి. ఒకదానికి చేసే పని ఇంకోదానికి పనికిరాదు. దొంగ ఏ గుమ్మంలోంచి వస్తున్నాడో చూడకుండా ఇంట్లో ఉన్న అన్ని అల్మారాలకీ తాళాలు కొన్నట్టుంటుంది ఈ ఫాయిల్ వ్యవహారం. మీరు రాసింది చదివితే నాకనిపించేది ఏంటంటే మీకున్నది ఒక సమస్య కాదు, మూడు వేరువేరు సమస్యలు ఒకేచోట కలిసిపోయి వాకీటాకీ మీద పడుతున్నాయి. ఎందుకంటున్నానో కింద వస్తుంది.

పీఐఆర్ చూసేది మనిషి ఒంటి వేడిని కదా, దానికీ వాకీటాకీకీ ఏంటి సంబంధం అని చాలామందికి డౌటు. పీఐఆర్ లోపల పైరో సెన్సార్ ఇచ్చే సిగ్నల్ చాలా చాలా చిన్నది, దాన్ని కొన్ని వేల రెట్లు పెంచే యాంప్లిఫయర్ పక్కనే ఉంటుంది, ఆ యాంప్లిఫయర్ పట్టించుకునేది సెకనుకి పదిసార్లకి లోపు జరిగే నెమ్మది మార్పుల్ని మాత్రమే, మనిషి నడక వేగం అంతే కాబట్టి. 150 లేదా 450 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్‌ని అది నేరుగా చూడలేదు. కానీ బలమైన రేడియో సిగ్నల్ అక్కడున్న ట్రాన్సిస్టర్ జంక్షన్ మీద పడితే ఆ జంక్షన్ డయోడ్‌లాగా పనిచేసి దాన్ని డీసీ వోల్టేజీగా మార్చేస్తుంది. గార్డు బటన్ నొక్కగానే ఆ వోల్టేజీ లేస్తుంది, వదలగానే పడిపోతుంది, ఆ లేవడం పడిపోవడం యాంప్లిఫయర్‌కి అచ్చం ఎవరో ముందునుంచి నడిచివెళ్లినట్టే కనిపిస్తుంది. అందుకే మామూలు అనలాగ్ వాకీటాకీ అయితే మాట్లాడుతున్నంతసేపూ ఏమీ ఉండదు, బటన్ నొక్కిన క్షణం, వదిలిన క్షణమే ట్రిప్ అవుతుంది, అంటే అలారం ఇస్తుంది. ఒకసారి గార్డు పక్కన నిలబడి ఇది గమనించండి, సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. కొత్త డిజిటల్ సెట్లలో డీఎంఆర్ (ఒక డిజిటల్ రేడియో పద్ధతి) రకం వాటి సిగ్నల్ ఒక్కో స్లాటు (వంతు) 30 మిల్లీసెకన్ల చొప్పున ఆగుతూ వెలుగుతూ ఉంటుంది, అంటే సెకనుకి సుమారు 17 సార్లు కొట్టుకుంటుంది, పీఐఆర్ పట్టించుకునే రేంజికి దగ్గర్లోనే ఉంది కాబట్టి అనలాగ్ సెట్లున్నప్పుడు ఏ గొడవా లేని చోట డిజిటల్‌కి మారాక అలారాలు మొదలవడం నేను చూశాను.

ఇంక బలం సంగతి. 5 వాట్ల హ్యాండ్‌సెట్ నుంచి ఒక మీటరు దూరంలో ఫీల్డ్ లెక్క ప్రకారం సుమారు 15 వోల్ట్స్ పర్ మీటర్ ఉంటుంది, మూడు మీటర్లకి వెళ్తే 5కి పడిపోతుంది. చేతిలో పట్టుకునే సెట్ యాంటెన్నా అంత బాగా పనిచెయ్యదు కాబట్టి నిజంలో ఇంకొంచెం తక్కువే. అలారం పరికరాల ఇమ్యూనిటీకి, అంటే ఇలాంటి సిగ్నల్‌ని తట్టుకునే శక్తికి, యూరప్‌లో వాడే స్టాండర్డ్ ఈఎన్ 50130-4, అందులో రేడియో ఫీల్డ్ టెస్టు 10 వోల్ట్స్ పర్ మీటర్ దగ్గర చేస్తారు. అంటే టెస్టు పాసైన మంచి డిటెక్టర్ అయినా సరే ఒకటిన్నర మీటరు లోపల 5 వాట్ల సెట్ నొక్కితే టెస్టు చేసిన హద్దు దాటుతున్నట్టే. అంత దగ్గర్లో నొక్కితే ట్రిప్ అవ్వడం డిటెక్టర్ తప్పనలేం. పది మీటర్ల అవతల గేటు దగ్గర నొక్కినా ట్రిప్ అవుతుంటే మాత్రం ఎక్కడో వైరింగ్‌లో గానీ డిటెక్టర్‌లో గానీ లోపం ఉంది, అది సరిచెయ్యాల్సిందే.

దారి కనుక్కునే పద్ధతి

దీనికి ఖరీదైన మీటర్లేం అక్కర్లేదు, గార్డు వాకీటాకీ, కొన్ని రెసిస్టర్లు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. సైరన్ వైరు తీసేసి, మానిటరింగ్ ఉంటే వాళ్లకి టెస్టు చేస్తున్నామని చెప్పి మొదలుపెట్టండి, ఇది మర్చిపోతే మీ టెస్టు చూడ్డానికి పోలీసులు కూడా వస్తారు.

మొదట ఈవెంట్ లాగ్ తీసి ట్రిప్ అయిన జోన్లు (ప్యానెల్‌కి విడివిడిగా కలిపిన ఒక్కో డిటెక్టర్ లైను) చూడండి. ఎప్పుడూ ఒకే జోనా, రెండు మూడా, అన్నీ ఒకేసారా? ఒకటే జోన్ అయితే ఆ వైరు లేదా ఆ డిటెక్టర్. సంబంధం లేని జోన్లన్నీ ఒకే సెకనులో పడుతుంటే ప్యానెల్‌లోకో పవర్ సప్లైలోకో వెళ్తోంది. ఈ ఒక్క తేడా చూడకుండానే డిటెక్టర్లన్నీ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు, లోపం ప్యానెల్ ఎర్త్‌లో ఉంటుంది.

తర్వాత డిటెక్టర్‌లో వాక్ టెస్ట్ ఎల్‌ఈడీ (కదలిక పడితే వెలిగే చిన్న లైటు) ఆన్ చెయ్యండి, చాలావాటిలో లోపల చిన్న జంపర్ ఉంటుంది. గదిలో అందరూ కదలకుండా నిలబడి, గార్డుని మామూలుగా తిరిగే దారిలోనే ఉండి బటన్ నొక్కమనండి. ఎల్‌ఈడీ వెలిగితే డిటెక్టరే మోసపోతోంది. ఎల్‌ఈడీ వెలగకుండా ప్యానెల్‌లో మాత్రం ఆ జోన్ ఓపెన్ అని పడితే డిటెక్టర్‌ది తప్పేం లేదు, వైరు మీద వచ్చిన సిగ్నల్ ప్యానెల్ ఇన్‌పుట్‌ని కదిలిస్తోంది.

ఎల్‌ఈడీ వెలిగిన కేసులో ఇంకో మెట్టు ఉంది, ఎందుకంటే డిటెక్టర్‌లోకి కూడా గాల్లోంచి నేరుగా రావచ్చు, లేదా దాని సప్లై వైర్లు పట్టుకుని రావచ్చు. వైర్లన్నీ విప్పేసి ఆ డిటెక్టర్‌కి పక్కనే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టి ఒక చెయ్యెడు వైరుతో నడపండి, మళ్లీ వాకీటాకీ నొక్కండి. అప్పుడు ట్రిప్ అవ్వకపోతే వైరే దోషి, అప్పుడూ అవుతుంటే డిటెక్టర్ లోపలి సర్క్యూట్‌కి రక్షణ లేదని అర్థం. ఎల్‌ఈడీ వెలగని కేసులో ప్యానెల్ దగ్గర ఆ జోన్ టెర్మినల్స్ నుంచి వైరు తీసేసి ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్‌ని (వైరు తెగినా షార్ట్ అయినా ప్యానెల్‌కి తెలియడానికి లైను చివర పెట్టేది) అక్కడే బిగించి చూడండి. ట్రిప్ ఆగితే వైరు, ఆగకపోతే ప్యానెల్. టెస్టు అయ్యాక ఆ రెసిస్టర్ తిరిగి డిటెక్టర్ చివరకే వెళ్లాలండీ, ప్యానెల్ దగ్గరే వదిలేస్తే దాని తర్వాతున్న వైరుకి కాపలా లేనట్టే, ఎవరైనా షార్ట్ చేసినా ప్యానెల్‌కి తెలీదు.

వాకీటాకీ ఎవరిదైతే వాళ్ల లైసెన్సు కింద, వాళ్ల ఛానెల్‌లోనే నొక్కించండి. టెస్టు కోసం జామర్ కొనే ఆలోచన మాత్రం చెయ్యకండి, చాలా దేశాల్లో దాన్ని వాడటమే నేరం, పైగా చుట్టుపక్కల ఎమర్జెన్సీ కాల్స్ కూడా పోతాయి.

వైర్ల మీదుగా వస్తుంటే

నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. అలారం వైరంటే పొడవాటి యాంటెన్నా కిందే లెక్క. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు, అందులో పావు వంతు అంటే అర మీటరు వైరు చాలు బాగా పట్టుకోవడానికి. 450 దగ్గరైతే 17 సెంటీమీటర్లు. అందుకని డిటెక్టర్ వెనకాల, సీలింగ్ పైన 'తర్వాత పనికొస్తుంది' అని చుట్టి వదిలేసిన ఎక్స్‌ట్రా వైరు ఉంటుంది చూశారూ, ముందు దాన్ని కత్తిరించండి. కేబుల్‌లో వాడని కోర్లు గాల్లో వేలాడుతుంటే వాటిని ప్యానెల్ దగ్గర కలిపి జీరో వోల్ట్‌కి కట్టండి. జోన్ లూప్‌కి వెళ్లే రెండు వైర్లూ ట్విస్టెడ్ పెయిర్‌లో ఒకే జతగా ఉండాలి, ఒకటి ఈ జతలోంచి ఒకటి ఆ జతలోంచి తీసుకుంటే ట్విస్ట్ ఉండీ లాభం లేదు. మెయిన్స్ కేబుల్ పక్కనే అదే పైపులో వేసి ఉంటే విడదీయండి, కనీసం ఒక అడుగు ఎడం, దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి.

ఆ తర్వాత ఫెర్రైట్. క్లిప్ టైపువి దొరుకుతాయి, కేబుల్ కోసే పనుండదు. మూడు విషయాలు గుర్తుంచుకోండి చాలు. కేబుల్ మొత్తం, అంటే సప్లై వైర్లు, జోన్ వైర్లు, టాంపర్ వైర్లు (డిటెక్టర్ మూత తెరిస్తే చెప్పేవి) అన్నీ కలిపి ఒకే ఫెర్రైట్‌లోంచి పోవాలి. అది డిటెక్టర్ టెర్మినల్స్‌కి వీలైనంత దగ్గర్లో ఉండాలి, మధ్యలో ఎక్కడో పెడితే ఫెర్రైట్‌కీ డిటెక్టర్‌కీ మధ్యున్న ముక్కే మళ్లీ యాంటెన్నా అవుతుంది. ఇంక చుట్ల సంగతి, ఒక చుట్టుకి వచ్చే అడ్డంకి మూడు చుట్లకి దాదాపు తొమ్మిది రెట్లవుతుంది, అది తక్కువ ఫ్రీక్వెన్సీలకి బాగా పనికొస్తుంది, 450 లాంటి పై ఫ్రీక్వెన్సీల్లో మాత్రం చుట్లు ఎక్కువైతే చుట్టుకీ చుట్టుకీ మధ్య కెపాసిటెన్స్ వల్ల సిగ్నల్ దాటిపోతుంది, అక్కడ ఒకటీ రెండు చుట్లతో రెండు ఫెర్రైట్లు వరసగా పెట్టడం మేలు. ఫెర్రైట్లన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి గానీ మెటీరియల్ వేరు, ఏ ఫ్రీక్వెన్సీకి పనికొస్తుందో డేటాషీట్‌లో చూసే తీసుకోండి. పాత మానిటర్ కేబుల్లోంచి పీకినవి ఒక్కోసారి పనిచేస్తాయి, ఒక్కోసారి బరువు తప్ప ఏం ఉండదు.

ప్యానెల్ ఇన్‌పుట్ వైపు ట్రబుల్ అయితే జోన్ టెర్మినల్ నుంచి కామన్‌కి 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెడతారు. దీని కాళ్లు కత్తిరించి పొట్టిగా పెట్టాలి, ఒక సెంటీమీటరు వైరుకే సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది, 150 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 9 ఓమ్స్ పైన అవుతుంది, కెపాసిటర్ చూస్తే ఒక ఓమ్ మాత్రమే, అంటే కాళ్లే కెపాసిటర్‌ని మింగేస్తాయి. కీప్యాడ్ బస్ (కీప్యాడ్, ప్యానెల్ మాట్లాడుకునే వైర్లు), డేటా లైన్ల మీద మాత్రం కెపాసిటర్ పెట్టొద్దు, డేటా చెడిపోయి కీప్యాడే మాయమవుతుంది, అక్కడ ఫెర్రైట్ ఒక్కటే. అలాగే ప్యానెల్ బోర్డు మీద చెయ్యి పెట్టేముందు వారంటీ, ఇన్సూరెన్స్ షరతులు చూస్కోండి, ఇలాంటి మార్పు కంపెనీ టెక్నీషియన్ చేత రాతపూర్వకంగా చేయించుకుంటే తర్వాత పేచీ ఉండదు.

షీల్డెడ్ కేబుల్ గురించి అందరూ అడుగుతారు. కొత్తగా వైరింగ్ చేస్తుంటే వేసుకోండి, తప్పులేదు, ఉన్నదంతా పీకి వెయ్యాల్సిన పని మాత్రం ఎక్కువసార్లు ఉండదు. వేస్తే షీల్డ్‌ని ప్యానెల్ మెటల్ డబ్బాకి, అది ఎర్త్‌కి గట్టిగా కలవాలి. ప్లాస్టిక్ డిటెక్టర్ వైపు షీల్డ్‌ని కత్తిరించి టేపు వేసి వదలండి, ఆ చివర ఫెర్రైట్ ఎలాగూ ఉండాలి, ఎందుకంటే ఒకవైపే ఎర్త్ చేసిన పొడుగు షీల్డ్ వీహెచ్ఎఫ్ (150 మెగాహెర్ట్జ్ లాంటివి) దగ్గర అనుకున్నంత అడ్డుకోదు. రెండు వైపులా ఎక్కడా కలపకుండా వదిలేసిన షీల్డ్ ఉంటే అది ఇంకో యాంటెన్నా అయి కూర్చుంటుంది, షీల్డ్ వేశాం అన్న ధీమా తప్ప ఉపయోగం సున్నా.

ఒక కేసు చెప్తాను. ఒక ఇంటికి అలారం ఉంది, పక్కింట్లో హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) ఆయన. సాయంత్రాలు ఆయన 14 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే ఈ ఇంట్లో కీప్యాడ్ వాగడం, హాల్ జోన్ పడటం. అప్పటికే ఇరువైపులా మాటలు బాగా ముదిరాయి. 14 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే సుమారు 5 మీటర్లు, హాల్ నుంచి ప్యానెల్‌కి వెళ్లే కేబుల్ కొలిస్తే ఇంచుమించు అంతే వచ్చింది. ఆయన మాటకి తగ్గట్టు పవర్ పెరిగి తగ్గే ఎస్ఎస్‌బీ మోడ్ వాడతారు కాబట్టి మాట్లాడుతున్నంతసేపూ పడుతూనే ఉండేది. విచిత్రం ఏంటంటే ఫెర్రైట్ రింగులు ఇచ్చింది ఆ హామ్ ఆయనే, వాళ్ల దగ్గర ఇవి డబ్బాలకొద్దీ ఉంటాయి. ప్యానెల్ దగ్గర, కీప్యాడ్ దగ్గర, డిటెక్టర్ దగ్గర పెద్ద రింగుల మీద ఏడెనిమిది చుట్లు వేశాం, ఆయన పక్కింట్లోంచి పవర్ కొంచెం కొంచెం పెంచుతూ పోతుంటే ఇక్కడ మేం చూస్తూ కూర్చున్నాం, కదల్లేదు. ట్రాన్స్‌మిటర్ సవ్యంగా లైసెన్సుతో నడుస్తుంటే దాన్ని ఆపమనే హక్కు మనకుండదు, అమెరికాలో రేడియోల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన పార్ట్ 15 నిబంధన అయితే ఇలాంటి పరికరాలు వచ్చే ఇంటర్‌ఫియరెన్స్‌ని భరించాల్సిందేనని నేరుగా రాస్తుంది. కాబట్టి అవతలివాళ్లతో గొడవ కన్నా వాళ్లని టెస్టుకి పిలవడం లాభం.

డిటెక్టర్‌లోకే వస్తుంటే

మార్చెయ్యండి, అంతే. రిపేరు చేద్దాం, లోపల కవచం వేద్దాం అని సమయం పెట్టొద్దు. డేటాషీట్‌లో ఆర్ఎఫ్ ఇమ్యూనిటీ ఎన్ని వోల్ట్స్ పర్ మీటర్, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కడిదాకా అని స్పష్టంగా రాసున్నది తీసుకోండి, 10 కనీసం, కొన్నింటికి 20, 30 అని కూడా ఉంటుంది. ఏమీ రాయని డిటెక్టర్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఫాయిల్ ఎందుకు వద్దంటున్నానంటే, లెన్స్ మీద పడితే మనిషి వేడి లోపలికి రాదు, డిటెక్టర్ గుడ్డిదైపోతుంది. వెనక మాత్రమే చుడితే దానికి ఎర్త్ లేదు, ముందు లెన్స్ కిటికీ తెరిచే ఉంది, రేడియో అటునుంచి వస్తుంది. డ్యూయల్ టెక్ అయితే ఇంకా ఘోరం, దాని మైక్రోవేవ్ ఫాయిల్‌కి తగిలి తిరిగొచ్చి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

సెన్సిటివిటీ తగ్గించడం కూడా అంతే, మోసపోయే సర్క్యూట్ అలాగే ఉంటుంది, దొంగని పట్టే శక్తి మాత్రం తగ్గుతుంది. మీ ఇన్‌స్టాలర్ తగ్గించాక కూడా మోగుతోందంటే అదే సాక్ష్యం. దాన్ని మళ్లీ పాత స్థానానికి తెప్పించి గదంతా నడిచి వాక్ టెస్ట్ చేయించండి, ఈ పని వాయిదా వెయ్యకండి.

మైక్రోవేవ్ డిటెక్టర్ల కథ వేరు

ఇవి తామే ఒక సిగ్నల్ పంపి, కదిలే వస్తువుకి తగిలి తిరిగొచ్చినప్పుడు మారిన ఫ్రీక్వెన్సీని చూస్తాయి. ఎక్కువగా 10.525 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి, కొన్ని 24 గిగాహెర్ట్జ్‌వి. వంటింట్లో ఉండే మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్, కాబట్టి మీ ప్యాంట్రీలోని ఓవెన్‌ని అనుమానించే పని లేదు, అది చెడగొడితే వై-ఫై కెమెరాల్ని చెడగొడుతుంది.

10.525 దగ్గర సెకనుకి ఒక మీటరు వేగంతో నడిచే మనిషి వల్ల సుమారు 70 హెర్ట్జ్ తేడా వస్తుంది, కొంచెం వడిగా నడిస్తే 100. ఇప్పుడు ట్యూబ్‌లైట్ సంగతి చూడండి, లోపలి గ్యాస్ మెయిన్స్ ప్రతి సగం సైకిల్‌కీ వెలిగి ఆరుతూ మైక్రోవేవ్‌కి అద్దంలా అడ్డొస్తూ పోతూ ఉంటుంది, 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో అది సరిగ్గా 100 హెర్ట్జ్, అంటే డిటెక్టర్‌కి ఎదురుగా ఒకడు ఆగకుండా నడుస్తున్నట్టే. మంచి డిటెక్టర్లలో దీన్ని తీసేసే ఫిల్టర్ ఉంటుంది, అన్నింట్లో ఉండదు. ఫ్యాన్, గాలికి అదిరే రేకు షట్టర్, ప్లాస్టిక్ పైపులో పారే నీళ్లు కూడా ఇదే పని చేస్తాయి. పైగా మైక్రోవేవ్ గాజులోంచి, ప్లైవుడ్‌లోంచి, జిప్సమ్ పార్టిషన్‌లోంచి దాటిపోతుంది, అవతల వరండాలో నడిచేవాడు కూడా కనపడతాడు.

ఇప్పుడు మీ కేసుకి వద్దాం. డ్యూయల్ టెక్‌లో పీఐఆర్, మైక్రోవేవ్ రెండూ ఒకేసారి అవునంటేనే అలారం. రాత్రి ఒక ట్యూబ్‌లైట్ వేసి ఉంచారనుకోండి, లేదా గార్డు పార్టిషన్ అవతల నడుస్తున్నాడనుకోండి, మైక్రోవేవ్ సగం అప్పటికే అవునంటూ కూర్చుంది, దాని సంగతి ఎవరికీ తెలీదు ఎందుకంటే పీఐఆర్ కాదంటోంది. ఆ టైమ్‌లో వాకీటాకీ నొక్కితే పీఐఆర్ కూడా మోసపోతుంది, సైరన్. లైట్ ఆపి ఉన్న రాత్రి, గార్డు గేటు దగ్గరే ఉన్న రాత్రి అదే వాకీటాకీకి ఏమీ కాదు. 'ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు' అని మీరు రాసిన దానికి నా అనుమానం ఇదే. చాలా డిటెక్టర్లలో మైక్రోవేవ్‌కి, పీఐఆర్‌కి వేరువేరు రంగు ఎల్‌ఈడీలు ఉంటాయి, గదిలో ఎవరూ లేకుండా తలుపు సందులోంచి చూడండి, మైక్రోవేవ్ ఎల్‌ఈడీ ఊరికే మినుకుమంటుంటే దొరికినట్టే.

దీనికి మందు రేంజ్ తగ్గించడమే. పైన సెన్సిటివిటీ తగ్గించొద్దన్నాను, ఇక్కడ తగ్గించమంటున్నాను, రెండూ ఒకటి కావు. మైక్రోవేవ్ రేంజ్ తిప్పే చిన్న స్క్రూ ఫ్యాక్టరీ నుంచి చాలాసార్లు ఫుల్‌లో వస్తుంది, ఎవరూ ముట్టుకోరు. గది చివరిదాకా మనిషిని పట్టేంతవరకే ఉంచి, గోడ అవతలిది పట్టకుండా కొంచెం కొంచెం తిప్పుతూ నడిచి చూడాలి.

ఇంకోటి, ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న రెండు మైక్రోవేవ్ డిటెక్టర్లు ఎదురెదురుగా ఉంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదానిలోకి పోయి, వాటి మధ్యనున్న చిన్న తేడా కదలికలా కనపడుతుంది. పార్టిషన్‌కి అటూ ఇటూ వీపులు ఆనించి పెట్టినా అంతే, మధ్యలో పలచటి చెక్కే కదా. వేరువేరు ఫ్రీక్వెన్సీ ఉన్నవి అడిగి తెప్పించుకోండి, లేదా దిక్కు మార్చండి. ఆటోమేటిక్ తలుపుల పైనుండే సెన్సార్లలో కూడా చాలావరకు 24 గిగాహెర్ట్జ్ రాడారే ఉంటుంది, మీ డిటెక్టర్ కూడా అదే బ్యాండ్ అయితే దానికి ఎదురుగా పెట్టొద్దు. బయట కాంపౌండ్ చుట్టూ మైక్రోవేవ్ బారియర్లు పెట్టుకునేవాళ్లకి కూడా ఇదే సూత్రం, మూలల దగ్గర ట్రాన్స్‌మిటర్ పక్కన ట్రాన్స్‌మిటరే, రిసీవర్ పక్కన రిసీవరే రావాలి, ఒక్కో లింకుకి వేరే మాడ్యులేషన్ ఛానెల్ పెట్టాలి.

వైర్‌లెస్ సెన్సార్ల లాస్

ఇక్కడ వాకీటాకీని నమ్మకండి. సెన్సార్ బతికున్నానని అప్పుడప్పుడు ఒక సిగ్నల్ పంపుతుంది, చాలా సిస్టమ్‌లలో అది కొన్ని గంటలపాటు వరసగా రాకపోతేనే ప్యానెల్ లాస్ అంటుంది. గార్డు పది సెకన్లు మాట్లాడితే గంటల తరబడి సిగ్నల్ ఆగదు. అంటే అక్కడ ఎప్పుడూ ఉండే కారణం ఇంకేదో ఉంది, బలహీనమైన సిగ్నల్, అయిపోతున్న బ్యాటరీ, మధ్యలో ఇనుప బీరువా, లేదా రిసీవర్ పక్కనే నాయిస్ చేసే పరికరం. చవక ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, స్విచింగ్ అడాప్టర్లు, ఇన్వర్టర్లు ఈ పనిలో ఆరితేరినవి. చాలా ప్యానెళ్లలో సెన్సార్ సిగ్నల్ బలం, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ రెండూ చూపించే మెనూ ఉంటుంది. నాయిస్ చూస్తూ ఒక్కో లైటూ, ఒక్కో అడాప్టరూ ఆపుతూ పొండి, ఏది ఆపితే అంకె పడిపోతుందో అదే.

సిగ్నలే తక్కువైతే సెన్సార్‌ని ఒక జానెడు పక్కకి జరిపి చూడండి, నవ్వులాట కాదు. 868 మెగాహెర్ట్జ్ తరంగం 35 సెంటీమీటర్లు, 433ది 69, గోడలకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్స్ ఒకచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, జానెడు అవతల మళ్లీ బలంగా ఉంటుంది. రిసీవర్‌ని మెటల్ డబ్బా లోపల పెట్టి ఉంటే బయటికి తీయండి, వై-ఫై రౌటర్ నుంచి ఒకటి రెండు మీటర్లు దూరం పెట్టండి.

ఒక్క సందర్భంలో వాకీటాకీ ఇక్కడ కూడా దోషి అవుతుంది, మీ సెన్సార్లు 433.92 మెగాహెర్ట్జ్‌వి అయ్యి, వాకీటాకీలు యూహెచ్ఎఫ్ 430-470 ప్రాంతంలో ఉంటే గార్డు నొక్కినంతసేపూ రిసీవర్ చెవుడైపోతుంది, ఆ సెకన్లలో తలుపు తెరిచినా తెలీదు. లాగ్‌లో ఇది లాస్ అని కాకుండా ఆర్ఎఫ్ జామ్ అని పడుతుంది, రెండూ వేరు, చూస్కోండి. అప్పుడు వాకీటాకీలని వీహెచ్ఎఫ్‌కి మార్చాలి, లేకపోతే మీ దేశంలో అనుమతున్న వేరే బ్యాండ్ సెన్సార్లకి, వీలైతే ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ, అందిందని జవాబు తీసుకుంటూ పనిచేసే రెండువైపుల సిస్టమ్‌కి పోవాలి.

కావాలని జామ్ చేస్తే? మీరు అడగలేదు గానీ దీనికి కూడా ఇక్కడే చెప్పేస్తా. జామ్ డిటెక్షన్ అని ప్యానెల్‌లో ఉంటుంది, చాలాచోట్ల ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయించండి. 60 సెకన్లలో 30 సెకన్లు సిగ్నల్ మూసుకుపోతే చెప్పు అన్నట్టు సెట్ చేసుకునే వీలుంటుంది. పగలు జస్ట్ ట్రబుల్‌గా, ఆర్మ్ చేసి ఉన్నప్పుడు అలారంగా పెట్టుకోండి. మెయిన్ డోర్లు, క్యాష్ ఉండే గది ఎప్పుడూ వైర్డ్‌లోనే ఉండాలి, వైర్‌లెస్ ఎంత మంచిదైనా రేడియోనే కదా. వై-ఫై కెమెరాలని నెట్‌వర్క్ నుంచి తోసేసే దాడి ఇంకా సులువు, డబ్ల్యూపీఏ3 (వై-ఫై భద్రతా పద్ధతి) వాడితే మేనేజ్‌మెంట్ ఫ్రేములకి (కనెక్షన్ కలిపే, తెంపే సందేశాలకి) రక్షణ తప్పనిసరిగా ఉంటుంది కాబట్టి ఆ తోసేసే రకం దాడి సాగదు, పూర్తి జామింగ్‌కి అదీ పనిచెయ్యదు. బయటికి సమాచారం వెళ్లే దారి కూడా ఒకటే పెట్టుకోవద్దు, కేబుల్ ఇంటర్నెట్ ఒకటి, మొబైల్ నెట్‌వర్క్ ఒకటి, ప్యానెల్ పలకకపోతే అవతలివాళ్లకి కొన్ని నిమిషాల్లో తెలిసేలా పోలింగ్ (మాటిమాటికీ ఉన్నావా అని అడగడం) ఉండాలి.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక ఐదు నిమిషాలు మీటర్ తీసుకుని చివరి డిటెక్టర్ దగ్గర సప్లై వోల్టేజీ చూడండి, సైరన్ మోగుతుండగా కూడా. ప్యానెల్ దగ్గర 13.7 ఉన్నా పొడుగు సన్నటి వైరు చివర 10కి పడిపోతుంటే, లేదా బ్యాటరీ ముసలిదై సప్లైలో రిపుల్ (వోల్టేజీ నిలకడ లేకుండా ఊగడం) ఉంటే, డిటెక్టర్ అప్పటికే అంచు మీద ఉంటుంది, చిన్న రేడియో సిగ్నల్ చాలు తొయ్యడానికి. రేడియో ఇంటర్‌ఫియరెన్స్ అని నన్ను పిలిచిన చోట్ల బ్యాటరీ మార్చి వచ్చేసిన సందర్భాలు ఉన్నాయి.

మీ వరకు నేనైతే ఈ వరసలో చేస్తా: సప్లై వోల్టేజీ, లాగ్‌లో జోన్లు, ఎల్‌ఈడీ టెస్టు, మైక్రోవేవ్ రేంజ్, ఆ తర్వాత ట్రిప్ అవుతున్న డిటెక్టర్ల దగ్గర ఫెర్రైట్లు. ఇది జరిగేలోపు గార్డుని డిటెక్టర్లున్న గోడకి మూడు నాలుగు మీటర్ల ఎడంగా నిలబడి మాట్లాడమనండి. టెస్టు చేశాక ఏ జోన్ పడింది, ఎల్‌ఈడీ వెలిగిందా లేదా, వాకీటాకీ వీహెచ్ఎఫా యూహెచ్ఎఫా, అనలాగా డిజిటలా, సెన్సార్ల మీద ఏ ఫ్రీక్వెన్సీ రాసుంది, ఇవి కింద రాయండి, చూసి చెప్తాను.